ఒక వీసా, 29 దేశాల మర్యాదలు

సిద్దిపేట, దుబ్బాక, హుస్నాబాద్ వైపు ఊళ్లలో "బయటి దేశం పోయిండు" అంటే నిన్నమొన్నటిదాకా దుబాయో మస్కటో దోహానో అనుకునేవారు. ఇప్పుడు అదే మాట విన్నవాళ్లు "ఏ దేశం?" అని మళ్లీ అడగాల్సి వస్తోంది. జర్మనీలో ఎమ్మెస్ చదివే పిల్లలు, ఐర్లాండ్‌లోనో నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగం చేసుకునే పిల్లలు ఇప్పుడు మామూలు రైతుల ఇళ్లలో, నేతన్నల ఇళ్లలో కూడా కనిపిస్తున్నారు.

జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు. 2022–23 శీతాకాల సెమిస్టర్ నుంచి అక్కడి విదేశీ విద్యార్థుల్లో మొదటి స్థానం భారతీయులదే. మరుసటి ఏడాదికి మనవాళ్లు దాదాపు 49 వేల మంది అయ్యారు. భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024 అక్టోబరులో జర్మనీ ప్రభుత్వం ప్రకటించింది. నర్సింగ్ చదివినవాళ్లకు జర్మన్ భాష నేర్పించి అక్కడి ఆసుపత్రులకు పంపే పనిని తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ చేపట్టింది.

వీసాకు ఏ కాగితాలు కావాలో, బ్యాంకులో ఎంత చూపించాలో చెప్పే కన్సల్టెన్సీలు కావలసినన్ని ఉన్నాయి. అక్కడ దిగాక పక్కింటివాళ్లతో, పై అధికారితో, తోటి ఉద్యోగితో ఎలా మెలగాలో చెప్పేవాళ్లే కరువు. 2025 జనవరి 1న బల్గేరియా, రొమేనియా పూర్తిగా చేరడంతో షెంగెన్ ప్రాంతం 29 దేశాలైంది. ఒక్క వీసాతో ఆ దేశాలన్నీ తిరిగి రావచ్చు. కానీ ఒక్క మర్యాద పట్టుకుని అన్ని దేశాలూ తిరగలేం. పారిస్‌లో ముచ్చటపడేది వార్సాలో అపశకునం కావచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లో నిజాయితీ అనిపించే మాట లండన్‌లో మొరటుగా వినిపించవచ్చు.

వాట్సాప్‌లో తిరిగే "యూరప్‌లో చేయకూడని పది పనులు" లాంటి జాబితాలు బట్టీ పడితే లాభం కొంతే. పదకొండో సందర్భం వచ్చేసరికి ఆ జాబితా చేతులెత్తేస్తుంది. ప్రతి ఆచారానికీ వెనక ఒక కారణం ఉంటుంది. చలికాలమో, యుద్ధమో, ఇరుకు అపార్టుమెంటో, ఒక చట్టమో దాన్ని పుట్టించి ఉంటుంది. ఆ కారణం తెలిసినవాడికి జాబితా లేకపోయినా దారి దొరుకుతుంది.

చామంతి ఎక్కడ పండుగ, ఎక్కడ సమాధి

మనకు బాగా తెలిసిన పువ్వుతోనే మొదలుపెడదాం. సద్దుల బతుకమ్మ నాడు సిద్దిపేట కోమటిచెరువు గట్టుకు వెళ్తే తంగేడు, గునుగు, బంతి, చామంతి వరసలు వరసలుగా కనిపిస్తాయి. చామంతి మనకు పూజ పువ్వు, పండుగ పువ్వు, ఆడవాళ్ల తలలో పువ్వు. ఫ్రాన్స్‌లో ఎవరైనా భోజనానికి పిలిస్తే మంచి పువ్వు కదా అని చామంతుల గుత్తి పట్టుకెళ్తే మాత్రం తలుపు తీసినావిడ ముఖం మారిపోతుంది.

ఫ్రాన్స్, బెల్జియం, ఇటలీ, పోలండ్ దేశాల్లో నవంబరు 1న సకల పునీతుల పండుగ, మరునాడు చనిపోయినవారిని తలచుకునే రోజు. కుటుంబాలన్నీ శ్మశానాలకు వెళ్లి సమాధులు కడిగి పూలు పెడతాయి. నవంబరు చలికి మిగతా పూలు వాడిపోతాయి. నిండుగా పూసి చలికి నిలబడేది చామంతే. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ప్రతి ఊళ్లోనూ చనిపోయిన సైనికుల సమాధులు పెరిగి ఈ అలవాటు ఫ్రాన్స్‌లో ఇంకా గట్టిపడింది. అందుకని ఆ దేశాల్లో చామంతి చూస్తే పోయినవాళ్లు గుర్తొస్తారు. బ్రిటన్‌లో, నెదర్లాండ్స్‌లో ఆ పట్టింపు లేదు. అక్కడ పూల దుకాణాల్లో చామంతి మామూలు గుత్తుల్లోనే ఉంటుంది.

పువ్వుల లెక్కకూ పట్టింపు ఉంది. పోలండ్, ఉక్రెయిన్, రష్యా, రొమేనియా లాంటి తూర్పు దేశాల్లో బతికున్నవారికి ఇచ్చే పూలు బేసి సంఖ్యలో ఉండాలి: మూడు, ఐదు, ఏడు. సరి సంఖ్య చావుకు. ఇది విని నవ్వుకునే హక్కు మనకు లేదు. చదివింపుల కవరులో నూరు రూపాయలు పెట్టి పైన ఒక రూపాయి లేకుండా ఇవ్వడానికి మనకు చెయ్యి రాదు. సంఖ్యకు శుభం, అశుభం ఉంటాయని నమ్మే మనిషికి ఇంకో సంఖ్య పట్టింపు గౌరవించడం కష్టమేమీ కాదు.

గడప అవతల చెయ్యి చాచొద్దు

తూర్పు ఐరోపాలో ఇంకో పట్టింపు వింటే మన అమ్మమ్మలు వెంటనే తలూపుతారు. పోలండ్‌లో, ఉక్రెయిన్‌లో, రష్యాలో గడపకు ఇవతల ఒకరు, అవతల ఒకరు నిలబడి షేక్‌హ్యాండ్ ఇచ్చుకోరు. లోపలికి అడుగు పెట్టాకే చేయి కలపాలి. మనం గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతాం. గడప మీద కూర్చోనివ్వం, గడప అవతలి నుంచి వస్తువు అందిస్తే "లోపలికి వచ్చి ఇయ్యి" అంటాం. ప్రయాణం బయల్దేరే ముందు రష్యన్లు ఇంట్లోవాళ్లంతా ఒక్క నిమిషం మౌనంగా కూర్చుని లేస్తారు. మన ఇళ్లలో బయల్దేరుతుంటే ఎవరైనా తుమ్మినప్పుడు కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లమంటారు. ఇన్ని వేల మైళ్ల దూరంలోనూ ఇంటి అంచును, ప్రయాణపు మొదటి అడుగును మనిషి జాగ్రత్తగానే చూసుకున్నాడు.

చెప్పుల సంగతి దేశానికో తీరు. స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, పోలండ్ ఇళ్లలో బూట్లు గుమ్మం దగ్గరే విప్పుతారు. మంచు, బురద ఇంట్లోకి రాకూడదనేది అసలు కారణం. బ్రిటన్, ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీ ఇళ్లలో చాలామంది బూట్లతోనే తిరుగుతారు. ఆతిథ్యం ఇచ్చేవాళ్ల కాళ్లు చూస్తే సరిపోతుంది. అర్థం కాకపోతే "బూట్లు విప్పాలా?" అని అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

"పది నిమిషాల్లో వస్త"

అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టి. హాల్ 1959లో "ది సైలెంట్ లాంగ్వేజ్" అనే పుస్తకంలో, ప్రతి సమాజం టైమును వాడే తీరుతోనే నోరు విప్పకుండా ఎన్నో సంగతులు చెబుతుందని వివరించాడు. ఒక పని తర్వాత ఒక పని వరసగా చేసేవాళ్లు కొందరు, నాలుగు పనులు, నలుగురు మనుషులతో ఒకేసారి నడిపేవాళ్లు ఇంకొందరు అని ఆయన ఆ తర్వాత విడదీసి చూపాడు. మొదటి తరహాకు జర్మనీ, స్విట్జర్లాండ్, స్కాండినేవియా ఉదాహరణలు. రెండో తరహాకు దక్షిణ ఐరోపా దేశాలు దగ్గర. మనం రెండో తరహాలోనే ఇంకా ముందున్నాం.

మన ఊళ్లో "పది నిమిషాల్లో వస్త" అంటే బయల్దేరే ఆలోచన ఉందని అర్థం. ఎదురుచూసేవాళ్లకూ ఆ సంగతి తెలుసు కనుక గొడవ రాదు. జర్మనీలో పదింటికి మీటింగు అంటే తొమ్మిది యాభై అయిదుకు కుర్చీలో ఉండటం. అయిదు నిమిషాలు ఆలస్యమయ్యేట్టుంటే ఫోనో మెసేజో ముందుగా వెళ్లాలి. ఎదుటివాళ్ల రోజులోని ఒక గంటను మనం అడిగి తీసుకున్నాం కాబట్టి ఆలస్యం వాళ్ల దృష్టిలో మాట తప్పడంతో సమానం. అక్కడ స్నేహితుల ఇంటికి కూడా చెప్పకుండా వెళ్లరు. "ఇటువైపు పోతూ ఒకసారి చూసిపోదామని వచ్చిన" అనే మన ఆప్యాయత వాళ్లను ఇబ్బందిలో పెడుతుంది.

ఇదే టైము మర్యాద ఫ్రాన్స్‌లో వేరుగా ఉంటుంది. ఎనిమిదింటికి ఇంటికి భోజనానికి పిలిస్తే పది, పదిహేను నిమిషాలు ఆలస్యంగా వెళ్లడమే మర్యాద; ఇంటివాళ్లకు సర్దుకునే వ్యవధి ఇచ్చినట్టు. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండు, మూడు గంటలకు, రాత్రి భోజనం తొమ్మిది దాటాక. ఆరింటికి ఆకలేసి హోటల్‌కు వెళ్తే వంటగది మూసి ఉంటుంది.

వ్యాపారం చేసేవాళ్లు కేలండరు కూడా చూసుకోవాలి. ఐరోపా సమాఖ్య చట్టం ప్రకారం ప్రతి ఉద్యోగికీ ఏడాదికి కనీసం నాలుగు వారాల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఇటలీ, ఫ్రాన్స్‌లలో అది ఎక్కువగా ఆగస్టులో వాడుకుంటారు. మన స్వాతంత్ర్య దినమైన ఆగస్టు 15 ఇటలీలో ఫెర్రాగోస్తో అనే పెద్ద సెలవు. స్వీడన్ జులైలో ఖాళీ అవుతుంది. దసరా సరుకు కోసం ఆగస్టులో మిలాన్‌కు మెయిల్ పంపి జవాబు రాలేదని నొచ్చుకుంటే తప్పు మిలాన్‌ది కాదు. పని ముగిశాక ఉద్యోగి ఫోన్‌కు దూరంగా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017 జనవరి 1 నుంచి చట్టంలోనే పెట్టింది. రాత్రి పదింటికి మేనేజరుకు వాట్సాప్ పెట్టి శ్రద్ధ చూపించామనుకుంటే అక్కడ లెక్క తప్పుతుంది.

"అయితది సార్" అనే మాట బరువు

టైము కంటే ఎక్కువ మందిని చిక్కుల్లో పడేసేది మాట. మనం పెద్దవాళ్ల ముందు "కాదు" అనడానికి వెనకాడతాం. "చూద్దాం సార్", "ప్రయత్నం చేస్త సార్", "అయితది సార్" అనే మూడు మాటల్లో ఏది అవును, ఏది కాదు అనేది గొంతును బట్టి మనకు తెలిసిపోతుంది. జర్మన్ చెవికి, డచ్చి చెవికి ఆ తేడా అందదు. వాళ్లు మాటను మాటగానే తీసుకుంటారు.

చేర్యాల ముఖాలు, నకాశీ పటాలు మన జిల్లా సొత్తు. ఆ పటాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల బంక కలిపి ముఖం తీర్చి రంగులు వేసే ఒక కళాకారుడికి నెదర్లాండ్స్‌లోని ఒక దుకాణం నుంచి మెయిల్ వచ్చిందనుకుందాం. "200 ముఖాలు కావాలి. మార్చి 1కి పంపగలరా? ఏ రంగులు వాడతారు?" అన్నవి రెండే ప్రశ్నలు. మన అలవాటు ప్రకారం జవాబు ఇలా వెళ్తుంది: "మీ మెయిల్ అందినందుకు చాలా సంతోషం. మా కుటుంబం తరతరాలుగా ఈ కళలో ఉంది. మీ ఆర్డరు తప్పకుండా పూర్తి చేస్తాం." ఇందులో అబద్ధం లేదు, మర్యాద నిండుగా ఉంది. కానీ అడిగిన రెండింటికీ జవాబు లేదు. డచ్చి దుకాణదారు దీన్ని దాటవేత అనుకుంటాడు.

వాళ్లకు నచ్చే జవాబు ఇదీ: "మార్చి 1కి 120 ముఖాలు పంపగలం. మిగతా 80 మార్చి 25కు వెళ్తాయి. పూర్వం సహజ రంగులు వాడేవాళ్లం. ఇప్పుడు కొన్నింటికి బజారు రంగులు వాడుతున్నాం. ఏ ముఖానికి ఏ రంగో జాబితా జతచేశాను." మనకు ఇది పొడిగా, ఆర్డరు పోగొట్టుకునేలా అనిపిస్తుంది. అక్కడ ఇలాంటి జవాబే నమ్మకం పుట్టిస్తుంది. చేయలేనిది ముందే చెప్పినవాడు చేస్తానన్నది చేస్తాడని వాళ్ల లెక్క. గొల్లభామ చీరల నేతకైనా, సిద్దిపేట ఐటీ టవర్‌లో కూర్చుని కోడ్ రాసేవాళ్లకైనా ఈ సూత్రం ఒకటే.

సూటిదనం కూడా అన్నిచోట్లా ఒక్క కొలతలో ఉండదు. డచ్చివాళ్లు "ఇది బాగాలేదు" అని ముఖం మీదే అంటారు. అంటున్నది పనిని, మనిషిని కాదు. ఆ సాయంత్రమే అదే మనిషి నవ్వుతూ కాఫీకి పిలుస్తాడు. ఇంగ్లీషువాళ్లు అదే అభిప్రాయాన్ని "ఆసక్తికరంగా ఉంది, ఇంకోసారి చూస్తే బాగుంటుందేమో" అంటారు. అది మెచ్చుకోలు అనుకుని పని అలాగే వదిలేస్తే ప్రమాదం. ఫ్రాన్స్‌లో మీటింగులో గట్టిగా వాదించుకుంటారు. వాదన లేని ఆలోచన పక్వం కాలేదని వాళ్ల చదువు నేర్పుతుంది. ఫిన్లాండ్‌లో ఎదుటివాళ్లు మాట ముగించాక కాస్త మౌనం ఉంటుంది. అది కోపమని భయపడి మధ్యలో దూరి మాట్లాడకూడదు. వాళ్లు ఆలోచిస్తున్నారంతే.

పై అధికారితో ఎంత దూరం

డచ్చి పరిశోధకుడు గీర్ట్ హోఫ్‌స్టెడ్ 1967 నుంచి 1973 దాకా పలు దేశాల్లోని ఐబీఎం ఉద్యోగుల నుంచి సేకరించిన జవాబులను పోల్చి 1980లో ఒక గ్రంథం వెలువరించాడు. పైవాడికీ కిందివాడికీ మధ్య ఎడాన్ని సమాజం ఎంతవరకు సహజమని ఒప్పుకుంటుందో అందులో ఒక కొలత ఉంది. దాని ప్రకారం భారతదేశం 77. ఫ్రాన్స్ 68. జర్మనీ 35. డెన్మార్క్ 18. ఆస్ట్రియా 11. ఈ అంకెలు సగటులే, ఒక్కో మనిషిని కొలవవు. కాలంతోపాటు సమాజాలూ మారతాయి. అయినా ఒక సంగతి తెలుస్తుంది: ఫ్రాన్స్ ఈ విషయంలో ఆస్ట్రియా కంటే మనకే దగ్గర.

కోపెన్‌హేగన్ ఆఫీసులో మేనేజరు ప్రణాళికలో తప్పు కనిపిస్తే కొత్తగా చేరిన ఉద్యోగి కూడా అక్కడే చెప్పాలి. మీటింగంతా మౌనంగా ఉండి వినయం చూపించాననుకుంటే, చెప్పడానికి ఇతని దగ్గర ఏమీ లేదని రాసుకుంటారు. స్వీడన్‌లో 1960ల చివర పిలుపులే మారిపోయాయి. 1967లో అక్కడి ఆరోగ్య శాఖ అధిపతి బ్రూర్ రెక్సెడ్ సిబ్బంది అందరినీ "నువ్వు" అనే పిలుస్తానని ప్రకటించడం ఆ మార్పుకు గుర్తుగా నిలిచింది. ఇప్పుడు అక్కడ ప్రొఫెసరును కూడా పేరుపెట్టే పిలుస్తారు. "సార్" అనే మాటకు చోటు లేదు.

జర్మనీలో, ఆస్ట్రియాలో ఇది చెల్లదు. మనం శ్రీ, శ్రీమతి అన్నట్టు హేర్ లేదా ఫ్రౌ పెట్టి ఇంటిపేరుతో పిలవాలి. "మీరు" నుంచి "నువ్వు"కు దిగుదామనే మాట పెద్దవాళ్ల నుంచో పై అధికారి నుంచో రావాలి. నర్సుగా వెళ్లే అమ్మాయిలకు ఇది మరీ ముఖ్యం. మన ఆసుపత్రిలో ముసలావిడను "అవ్వా, మందు ఏసుకో" అంటే ఆమె ప్రాణం లేచొస్తుంది. జర్మనీలో రోగిని "అవ్వా" అన్నట్టు పిలిస్తే ఆమె వయసును, ఒంటరితనాన్ని ఎత్తిచూపినట్టవుతుంది. "ఫ్రౌ" అంటూ ఇంటిపేరుతో పిలవాలి. గదిలోకి వెళ్లేముందు తలుపు తట్టాలి. అక్కడ ప్రేమ చూపించే తీరు అదే.

పక్కింటి గోడ, ఆదివారం నిశ్శబ్దం

ఫ్రాన్స్‌లో దుకాణంలో అడుగుపెట్టగానే "బోంజూర్" అనాలి. అనకుండా సరాసరి ధర అడిగితే దుకాణదారుకు అవమానం. అతను అమ్మకపు యంత్రం కాదు కదా. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. ఆదివారాన్ని విశ్రాంతి రోజుగా కాపాడాలని 1919 నాటి వైమర్ రాజ్యాంగంలో ఉన్న మాటను ఇప్పటి రాజ్యాంగం కూడా నిలుపుకుంది. ఆ రోజు గోడకు డ్రిల్లింగ్ చేయడం, గాజు సీసాలు చెత్తడబ్బాలో పగిలేలా వేయడం కూడదు. రాత్రి పది దాటాక చప్పుడు తగ్గాలి. పలచటి గోడల అపార్టుమెంట్లలో వందల కుటుంబాలు కలిసి బతకాలంటే నిశ్శబ్దాన్ని పంచుకోక తప్పదు. స్పీకర్ ఆన్ చేసి ఊరివాళ్లతో వీడియోకాల్ మాట్లాడే అలవాటు రైల్లోనూ, మెట్ల దగ్గరా మానుకోవాలి.

"జీతం ఎంత?", "పెళ్లెప్పుడు?", "పిల్లలు ఇంకా ఎందుకు లేరు?" అన్నవి మన దగ్గర దగ్గరితనపు ప్రశ్నలు. అక్కడ వాటికి జవాబు చెప్పాల్సినవాళ్లు ఊపిరాడనట్టు అయిపోతారు. వాతావరణం, సెలవులు, వంటలు, ఫుట్‌బాల్ మాట్లాడుకోవచ్చు. పరాయి పిల్లల ఫొటోలు అడక్కుండా తీయకూడదు. 2018 మే 25న అమల్లోకి వచ్చిన జీడీపీఆర్ చట్టం తర్వాత వ్యక్తిగత వివరాల విషయంలో ఆఫీసులు చాలా పట్టింపుగా ఉంటాయి.

మనకు నొప్పి కలిగించేవీ కొన్ని ఉంటాయి. ఎడమచేత్తో డబ్బులు ఇస్తారు, ఎడమచేత్తోనే ఫోర్కు పట్టుకుని తింటారు. జర్మనీలో భోజనాల బల్ల దగ్గరే ముక్కు చీదుతారు. మనల్ని అవమానించాలని కాదు, వాళ్ల పెంపకంలో అది తప్పు కాదు.

అరచెయ్యి, తల ఊపు

మన దేవుళ్ల అభయహస్తాన్ని గ్రీస్‌లో మరోలా అర్థం చేసుకుంటారు. వేళ్లు విప్పిన అరచేతిని ఎదుటివాళ్ల ముఖం వైపు చాచడం అక్కడ ఘోరమైన తిట్టు, "ముంజా" అంటారు. "అయిదు ఇవ్వండి" అని దుకాణంలో చెయ్యి చూపేటప్పుడు, "ఆగు" అని సైగ చేసేటప్పుడు జాగ్రత్త. బ్రిటన్‌లో రెండువేళ్ల విజయ సంకేతం అరచెయ్యి బయటికి ఉంటేనే విజయం. చేతి వెనకభాగం ఎదుటివాళ్లకు కనిపిస్తే బూతు. బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే అవును, పైకెత్తితే కాదు. మన తల ఊపుడు ఏ దేశం వాళ్లకూ అంతుపట్టదు కాబట్టి ఎక్కడికెళ్లినా "అవును", "కాదు" నోటితో చెప్పడమే క్షేమం.

చరిత్ర ఇంకా మానని చోట

పువ్వు తప్పితే నవ్వుకుని మరిచిపోతారు. జ్ఞాపకం జోలికి వెళ్తే మరిచిపోరు. అందుకని ఇక్కడ కాస్త నిలబడాలి.

స్వస్తిక్ మన ఇళ్ల తలుపుల మీద, కొత్త బండి మీద, దుకాణం ఖాతా పుస్తకాల మీద ఉంటుంది. దాన్ని పోలిన వంకర శిలువను 1920లో నాజీ పార్టీ తన గుర్తుగా తీసుకుంది. ఆ జెండా కింద అరవై లక్షల మంది యూదులను చంపారు. లక్షల్లో రోమా ప్రజలను, ఇంకెందరినో చంపారు. జర్మనీ శిక్షాస్మృతిలోని 86ఎ సెక్షన్ నాజీ గుర్తులను, వాళ్ల వందనాన్ని ప్రదర్శిస్తే మూడేళ్ల దాకా జైలు లేదా జరిమానా అంటుంది. హిందువుల, బౌద్ధుల, జైనుల పూజా గుర్తు ఆ చట్టం గురి కాదు. 2007లో జర్మనీ ఐరోపా సమాఖ్య అంతటా నిషేధం తేవాలని చూసినప్పుడు హిందూ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఆ ప్రయత్నం ముందుకు సాగలేదు. అయినా ఎదురింట్లో ఉన్నావిడ తాత నాజీల మరణ శిబిరాల్లో పోయి ఉండొచ్చు. ఆమెకు మన తలుపు మీద పసుపు కుంకుమ కనిపించవు, ఆ గుర్తొక్కటే కనిపిస్తుంది. స్వస్తిక్‌ను పూజగదిలో ఉంచుకోండి. బయటి తలుపు, కారు, ఫోన్ కవరు, టీషర్టు మీద వద్దు. ఎవరైనా అడిగితే మన అర్థమేమిటో నెమ్మదిగా చెప్పండి, వాళ్ల బాధ కూడా వినండి.

మనకు హిట్లర్ అంటే కట్టుదిట్టంగా ఉండే మాస్టారు. 1997లో చిరంజీవి సినిమాకు ఆ పేరు పెట్టుకుంటే ఎవరికీ తప్పు తోచలేదు. అక్కడ ఆ పేరును సరదాకు వాడితే ఉద్యోగం, స్నేహం రెండూ పోవచ్చు.

ఇలాంటి మానని గాయాలు చిన్న దేశాల్లోనూ ఉన్నాయి. 1849 అక్టోబరు 6న ఆస్ట్రియా పాలకులు 13 మంది హంగరీ సేనానులను అరాద్‌లో చంపించారు. చంపినవాళ్లు బీరు గ్లాసులు తాకించి పండుగ చేసుకున్నారని కథ. దాంతో హంగరీలో చాలామంది ఈనాటికీ బీరు గ్లాసులు తాకించరు. ఐర్లాండ్‌ను బ్రిటన్‌లో భాగమన్నట్టు మాట్లాడకూడదు. 1922లో స్వతంత్ర రాజ్యమై విడిపోవడానికి వాళ్లు చిందించిన రక్తం తక్కువ కాదు. స్కాట్లాండ్‌వాళ్లను ఇంగ్లీషువాళ్లనకూడదు. తెలంగాణవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. పేరు, గుర్తింపు కోసం ఎంత కొట్లాడామో మనకు తెలుసు.

నేర్చుకోవడం వేరు, తగ్గడం వేరు

ఈ మర్యాదలన్నీ నేర్చుకోవడం అంటే తల వంచుకుని బతకడం అనుకునే ప్రమాదం ఉంది. అలా అక్కర్లేదు. మద్యం తాగనని, మాంసం తిననని మొదట్లోనే సూటిగా చెప్పండి. ఐరోపాలో ఎక్కువమంది బలవంతం చేయరు. ఇంట్లో చేత్తో తినండి, బతుకమ్మ ఆడండి, ఆ రోజు పక్కింటివాళ్లను ముందుగా చెప్పి పిలవండి. చేర్యాల ముఖం ఒకటి కానుకగా ఇవ్వండి. వాళ్లు మీ ముందే విప్పి చూస్తారు, అది వాళ్ల పద్ధతి. ఆఫీసు పనిలో మాత్రం ఖరీదైన కానుకలు వద్దు. బ్రిటన్‌లో 2010 నాటి లంచాల చట్టం చాలా కఠినం.

రంగును చూసి, యాసను విని కించపరిచేవాళ్లు ఎదురైతే అది "వాళ్ల సంస్కృతి" అని సరిపెట్టుకోవాల్సిన పని లేదు. జాతి వివక్ష మీద ఐరోపా సమాఖ్య 2000లోనే ఆదేశం తెచ్చింది. ఉద్యోగంలో, చదువులో, ఇల్లు అద్దెకు తీసుకోవడంలో అది మిమ్మల్ని కాపాడుతుంది. యూనివర్సిటీలో, ఉద్యోగ సంఘంలో ఫిర్యాదు చేసే చోటు ఎక్కడుందో దిగిన మొదటి వారంలోనే కనుక్కోండి.

ఇక్కడ మనకూ ఒక బాధ్యత ఉంది. సిద్దిపేట జిల్లాలో డిగ్రీ, నర్సింగ్, ఇంజినీరింగ్ కాలేజీలు చాలా ఉన్నాయి. భాష నేర్పే తరగతుల పక్కనే ఆ దేశపు బతుకు తీరు చెప్పే తరగతి కూడా ఉండాలి. అక్కడ రెండేళ్లు ఉండి సెలవుకు వచ్చిన పిల్లల్ని పిలిచి ఒక సాయంత్రం మాట్లాడిస్తే అంతకంటే మంచి పాఠం లేదు. గల్ఫ్‌కు వెళ్లిన మొదటి తరం ఈ చదువు లేకుండానే వెళ్లి కష్టపడి నేర్చుకుంది. ఇప్పుడు వెళ్లే పిల్లలు పాస్‌పోర్టుతోపాటు ఆ ఎరుక కూడా వెంట తీసుకెళ్లేలా చూడటం ఇక్కడున్న పెద్దల, కాలేజీల, ప్రభుత్వ సంస్థల పని.